ఊడి చేతికొచ్చిన స్టీరింగ్

ఆ ఆదివారం పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముప్పై ఏళ్ళనాటి తన తెరచాప పడవలో బిగుసుకుపోయిన స్టీరింగ్ చక్రం ఊడదీయడం, గ్రీజు పెట్టడం, మళ్ళీ బిగించడం. పదకొండింటికి అత్తగారు వస్తారు. ఆవిడ పడవెక్కి "బాగుంది" అంటే పడవ ఉంటుంది, పెదవి విరిస్తే అమ్మేయాలి. ఈ షరతు భార్యది, అప్పీలు లేదు.

సాయానికి బావమరిది వచ్చాడు. సాయమంటే, డాక్టరుగారు చెమటలు కక్కుతుంటే పక్కన ఇంజను మీది మూతచెక్క మీద కూర్చుని సలహాలివ్వడం.

నట్టు వచ్చింది, చక్రం రాలేదు. డాక్టరుగారు నూనె పోశారు, సుత్తితో తట్టారు, జ్ఞానదంతాలు పీకిన అనుభవమంతా కూడగట్టి, రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగారు. చక్రం కదల్లేదు, నడుం కదిలింది.

"బావా, ఇంజను ఆన్ చేద్దాం. ఆ అదురుకి అదే వదులవుతుంది."

"నీకెలా తెలుసు?"

"మా వాషింగ్ మెషీన్ నట్లన్నీ అలాగే ఊడాయి."

ఇంజను మొదలైంది. చక్రం పక్కనున్న గేరు లివరు చేతికి అడ్డొస్తోందని డాక్టరుగారు దాన్ని ముందుకు నెట్టారు. అదీ బిగుసుకుంది. ఇంకాస్త నెట్టారు. గేరు పడింది, లివరు విరిగి చేతిలోకొచ్చింది. పడవ ఒక్క దూకు దూకింది. గట్టుకి కట్టిన తాడు పట్టి ఆపింది.

సరిగ్గా అప్పుడే, గంట ముందుగా, అత్తగారు గట్టుమీద ప్రత్యక్షమయ్యారు.

"అత్తయ్యగారూ, తాడు విప్పకండి!" అని అరిచారు డాక్టరుగారు.

అందులో 'క' ఒక్కటీ ఇంజను మింగేసింది. అల్లుడు అడక్క అడక్క ఒక పని అడిగాడని ఆవిడ సంబరంగా తాడు విప్పి, పడవలోకి దూకేశారు.

పడవ బయల్దేరింది. డాక్టరుగారు కంగారుగా చక్రం పట్టుకుని తిప్పబోయారు. పొద్దుటినుంచీ మొండికేసిన చక్రం మెత్తగా ఊడి ఒళ్ళో పడింది.

"వచ్చేసింది!" బావమరిది చప్పట్లు కొట్టాడు.

"ఊడదీసి పట్టుకుంటేనే నడుస్తుందా, అల్లుడుగారూ?"

"అవునండీ... పాత మోడలు."

పడవ రేవులో గుండ్రంగా తిరగసాగింది. బావమరిది తాళం తీసి జేబులో వేసుకున్నాడు, ఇంజను పట్టించుకోలేదు. రెండో చుట్టులో రేవు అధికారిగారి తెల్ల పడవ వేలెడు దూరంలో తప్పించుకుంది. డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

"తాళం తీసినా ఆగదా? డీజిలా?" అన్నారు అత్తగారు.

"అవునమ్మా," అన్నాడు బావమరిది, నీరసంగా.

"లేవరా, ఆ చెక్క మీంచి!"

ఆవిడ చెక్క ఎత్తి, మోచేతి దాకా లోపలికి పెట్టి, తడిమి, డీజిల్ కుళాయి కట్టేశారు. ఇరవై ఏళ్ళు పిండిమర నడిపిన చెయ్యి అది. ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చింది. ఉన్న ఊపుకి పడవ వెళ్ళి గట్టుకి వేలాడుతున్న పాత టైర్లకి మెల్లగా గుద్దుకుంది.

డాక్టరుగారు చక్రాన్ని పళ్ళెంలా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"రేపే అమ్మేస్తానండీ."

"ఎందుకూ? పడవ నిక్షేపంలా ఉంది, నడిపేవాళ్ళకే బుర్రలేదు. ఇంట్లో నాకూ తోచట్లేదు. వచ్చే వారం నా పాత పానాలు, స్క్రూడ్రైవర్లు తెస్తాను. మీరిద్దరూ దేన్నీ ముట్టుకోకండి."

ఇప్పుడు ప్రతి ఆదివారం డాక్టరుగారు పడవలో షికారుకెళ్తున్నారు, ప్రయాణికుడిగా.