దిగులు లేనివారికి మాత్రలు ఇవ్వబడవు

మనిషన్నవాడు దేనికైనా బాధపడవచ్చు గానీ, ఆ బాధ ఏ గది ముందు పడాలో నిర్ణయించే అధికారం మాత్రం ఆఫీసుదే.

ఈ సంగతి ఒకానొక టైలరుగారి అక్కకు కాస్త ఆలస్యంగా తెలిసింది. తమ్ముడికి, అంటే ఆ టైలరుకు, స్కిజోఫ్రీనియా. మందులతో చెవిలో మాటలు ఆగిపోయి ఆరేళ్లయింది. మిగిలింది మతిమరుపు. టేపుతో ఛాతీ కొలిచి, పుస్తకంలో రాయబోయేలోగా అంకె జారిపోయేది. రెండు చొక్కాలు బిగుతయ్యాయి, మూడోది ఇద్దరు దూరేంత వదులైంది. నెలాఖరులోగా దారికి రాకపోతే ఆ మిషను ముందు ఇంకొకరు కూర్చుంటారని షాపు యజమాని చెప్పేశాడు. తమ్ముడికి బతుకులో ఉన్నదల్లా ఆ మిషనే.

డాక్టరమ్మ మంచావిడ. దిగులు తగ్గించే మాత్ర ఒకటి కలిపి చూద్దామంది. దానితో ఇలాంటివారిలో కొందరికి జ్ఞాపకం కాస్త మెరుగుపడుతుందని, కొందరికి ఏమీ కాదని ఉన్నమాట చెప్పింది. (ఆసుపత్రిలో ఆవిడకు పలుకుబడి లేకపోవడానికి ఇదే కారణం.)

మందుల కిటికీలో గుమస్తా ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. మాత్ర మనసు విభాగానిది, జబ్బు మతి విభాగానిది. దిగులు మాత్ర కావాలంటే ముందు దిగులుండాలి. ఉన్నట్టు దిగులు నిర్ధారణ అధికారి సంతకం చేయాలి.

ఆ అధికారి మహా హుషారైన మనిషి. దిగులుకు ఐదు కారణాలు చెప్పమన్నాడు. తమ్ముడు మూడు చెప్పి, నాలుగోది మరిచిపోయాడు. అరకొర దిగులు నిబంధనలకు ఆనదట. పైగా ఇంత మతిమరుపు మనిషి నిబంధన కోరినట్టు రెండు వారాలు ఏకధాటిగా దిగులుపడటం ఎలా సాధ్యమని అనుమానం వెలిబుచ్చి, మతి విభాగానికి పంపాడు. వాళ్లు మాత్ర తమది కాదని వెనక్కి పంపారు. అలా పద్దెనిమిది రోజులు తిరిగారు. అక్కకు ఒళ్లు మండిపోయింది.

పంతొమ్మిదో రోజు అధికారి మళ్లీ అడిగాడు, దేనికి దిగులని.

"మొదటిరోజు మూడో గది ముందు నిలబెట్టారండి. రెండోరోజు ఆ గదికి తాళం. మూడోరోజు నన్ను చూసి మీరు నవ్వారు," అంటూ తమ్ముడు పద్దెనిమిది రోజులూ వరసగా అప్పజెప్పి, కళ్లు తుడుచుకున్నాడు. (అంకె నిలవని బుర్రలో అవమానం ఎలా నిలిచిందన్నది ఏ విభాగం పరిధిలోకీ రాదు.)

అధికారి సంతోషంగా దిగులు మంజూరు చేశాడు. పక్క బల్ల దగ్గర అంతా వింటున్న మతి విభాగం అధికారి అదే కాగితం మీద, జ్ఞాపకశక్తి నిక్షేపంగా ఉన్నందున మాత్ర అనవసరమని ముద్ర కొట్టాడు. మాత్ర వాడకుండానే గుణం చూపించినందుకు రెండు విభాగాలకూ ప్రశంసాపత్రాలు వచ్చాయి.

నెలాఖరున అక్క ఆ కాగితమే పట్టుకుని షాపుకు వెళ్లింది. జబ్బు పేరు అందులో ఆఫీసువాళ్లే రాశారని, ఇది నిర్లక్ష్యం కాదని, ఇంకొక్క నెల ఆగమని బతిమాలింది. యజమాని కాగితాన్ని కింద ముద్ర దాకా ఓపిగ్గా చదివాడు. తరవాత తమ్ముడి మెడలోని టేపు తీసేసుకున్నాడు.

"జ్ఞాపకం నిక్షేపంగా ఉందని రాశారు కదమ్మా," అన్నాడు. "అయితే ఇన్నాళ్లూ కావాలనే మరిచిపోయాడన్నమాట."