కదలకండిగారి అరుదైన పువ్వు

ఆ ఆదివారం పొద్దున్న కదలకండిగారికి భార్య అప్పజెప్పిన పని ఒక్కటే: ఏ పనీ చేయకుండా కూర్చోవడం.

"గేటు దగ్గర కుర్చీ వేశాను. అందులో కూర్చోండి. వచ్చినవాళ్ళకి చందా డబ్బా చూపించండి, తోటలోకి దారి చూపించండి. పూలమడి జోలికి మాత్రం వెళ్ళకండి. మీకు దణ్ణం పెడతాను," అని ఆవిడ చెప్పులు వేసుకుంటూ మూడోసారి చెప్పింది.

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

"చిన్నపిల్లలైతే ఒకసారి చెబితే వింటారు," అని ఆవిడ టీ కప్పుల బుట్ట పుచ్చుకుని, వచ్చినవాళ్ళకి టీ ఇవ్వడానికి వీధి చివర వేసిన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఇంటి ముందుగదిలోనే ఫోటో స్టూడియో నడుపుతున్నారు. ఆ వీధిలో పుట్టినవాళ్ళనీ, పెళ్ళిచేసుకున్నవాళ్ళనీ, పాస్‌పోర్టు కావలసినవాళ్ళనీ అందరినీ ఎర్ర స్టూలు మీద కూర్చోబెట్టి, "కదలకండి" అని గదమాయించినవారే. అందుకని వీధి వీధంతా ఆయన్ని కదలకండిగారనే పిలుస్తుంది. ఆయన కూడా ఆ పేరుకే పలుకుతారు.

ఆ వీధివాళ్ళు ఏడాదికొక ఆదివారం తమ తోటల గేట్లు బార్లా తెరిచిపెడతారు. ఎవరైనా వచ్చి చూడవచ్చు. చూసినవాళ్ళు డబ్బాలో తోచింది వేస్తే అది పిల్లల ఆసుపత్రికి వెళుతుంది. పైకి సేవే. లోపల మాత్రం ఎవరి గులాబీ ఎవరి గులాబీ కంటే లావుగా ఉందన్నదే గొడవ. దీనికొక కమిటీ, ఆ కమిటీకి పెద్దమేడం అధ్యక్షురాలు. ఆవిడ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, మర్నాటినుంచే వీధికి హెడ్‌మిస్ట్రెస్ అయిపోయింది. ఏటా ఆవిడ తోట చూసి జనం నోళ్ళు వెళ్ళబెడతారు. ఒక్క ఎండుటాకు కూడా కనబడని తోట అది.

నిరుడు ఆవిడే వచ్చి కదలకండిగారి పెరడు చూసి, "నాలుగు మొక్కలు పాతితే తోటైపోదమ్మా," అని పదిమందిలో అనేసి, తోటల జాబితాలోంచి ఆ ఇంటిని కొట్టేసింది. ఆ రాత్రి ఆ ఇల్లాలు అన్నం తినలేదు. మర్నాడు పార పట్టింది. ఏడాదంతా మట్టి తవ్వి, ఎరువు మోసి, పురుగులు ఏరి, పెరటి గోడకి ఆనుకుని మంచమంత మడిలో డాలియాలు పూయించింది. ఒక్కొక్కటీ పళ్ళెమంత. బతిమాలితే కమిటీ ఈసారికి ఆ ఇంటిని జాబితా చివర పెన్సిలుతో రాసింది. పదకొండు గంటలకి పెద్దమేడం చూడటానికి వస్తుంది. ఆవిడ ఊఁ అంటే జాబితాలో చోటు ఖాయం. ఊఁహూ అంటే ఇంక జన్మలో ఖాయం కాదు.

కదలకండిగారు కుర్చీలో బుద్ధిగా ఇరవై నిమిషాలు కూర్చున్నారు. అంతలో ఎండ వాలుగా వచ్చి డాలియాల మీద పడింది. రేకు రేకూ వెలిగిపోయింది. ఫోటోగ్రాఫరు కళ్ళకి అలాంటి వెలుతురు కనబడటమే ఆయన చేసుకున్న పాపం. "ముట్టుకోవద్దంది గానీ ఫోటో తీయవద్దనలేదుగా," అనుకుని లోపలికి వెళ్ళి కెమేరా, మూడుకాళ్ళ స్టాండు, ఎర్ర స్టూలు తెచ్చారు.

మడి అంచున స్టూలు వేసి ఎక్కి చూస్తే, ఒక మూల తెగిపోతోంది. కొంచెం ముందుకు వంగారు. ఇంకా తెగుతోంది. ఇంకొంచెం వంగారు. ముప్ఫై ఏళ్ళుగా మనుషులందరికీ కదలకండని చెప్పిన మనిషి, స్టూలుకి ఆ మాట చెప్పడం మరిచిపోయారు.

కెమేరాకి దెబ్బ తగలకూడదని రెండు చేతులూ చాచి పడ్డారేమో, కెమేరా క్షేమం. డాలియాలు మాత్రం ఆయన కింద, ఆయనంత మేరా, చదునైపోయాయి.

"ఇదేంటి బావా, పడుకోవడానికి ఇంట్లో మంచాలు లేవా?"

వచ్చినవాడు బావమరిది. పాత కార్లు కొని కొత్తవాటిలా చేసి అమ్మే వ్యాపారం అతనిది. అబద్ధం ఆడటానికి అతను ఆలోచించుకోవడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"కొంప మునిగిందిరా! మీ అక్క నన్ను చంపేస్తుంది," అన్నారు కదలకండిగారు లేస్తూ.

"ఒకేసారి చంపదులే. అక్కకి ఏదైనా తీరిగ్గా చేయడం అలవాటు."

"వేళాకోళం కాదురా. ఏడాది నించీ దీన్ని కన్నబిడ్డలా చూసుకుంది. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఆయన రెండు కాడలు లేవదీసి నిలబెట్టబోయారు. అవి మళ్ళీ తల వాల్చేశాయి.

బావమరిది మడి ముందు అటూ ఇటూ నడిచాడు. "కారుకి సొట్టపడిందనుకో, ఏం చేస్తాం? సొట్ట ఉన్న వైపు గోడకి ఆనించి నిలబెడతాం. కొనేవాడు రెండోవైపు చూసి మురిసిపోతాడు. నీ స్టూడియోలో పెద్ద తెర ఉండాలే, హంసల తెర?"

ఉంది. రెండు హంసలు, ఒక ఫౌంటెను, ఎక్కడికీ వెళ్ళని పాలరాతి మెట్లు వేసిన తెర. వీధిలో సగం పెళ్ళిళ్ళు దాని ముందు నిలబడ్డవే. ఇద్దరూ కలిసి రెండు కర్రలు పాతి, తాడు కట్టి, మడికి అడ్డంగా ఆ తెర దించారు. తోటలో తోట బొమ్మ వేలాడుతుంటే చూడటానికి దరిద్రంగా ఉంది. కానీ మడి కనబడటం లేదు.

పావుగంటలో మొదటి జంట వచ్చింది. పెద్దవయసువాళ్ళు. మిగతా మొక్కలన్నీ వదిలేసి తిన్నగా తెర దగ్గరికే వెళ్ళారు.

"దీని వెనకేముందండీ?"

కదలకండిగారు నోరు తెరిచారు. మాట మాత్రం బావమరిది నోట్లోంచి వచ్చింది. "అరుదైన పువ్వండీ. మొగ్గ మీదుంది. ఎండ పొడ తగిలితే ముడుచుకుపోతుందని తెర కట్టాం. మా బావ ప్రాణం పెట్టి పెంచాడు."

"అబ్బో! పేరేమిటి?"

బావమరిది జీవితంలో మొదటిసారి తడబడ్డాడు. సరిగ్గా అప్పుడే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు లోపలికి వచ్చారు. "అదుగో, ఆయన్నే అడగండి. ఆయనకి తెలియని పువ్వుంటుందా?" అని బావమరిది ఆయన్ని ముందుకి తోసేశాడు. పదిమంది ముందు తెలియదనడం లెక్చరరుగారికి అలవాటు లేదు. తెరని ఎగాదిగా చూసి, హంసల దగ్గర కాసేపు ఆగి, చివర "యెన్సిస్" అని వచ్చే లాటిన్ పేరొకటి చెప్పారు. పైగా, "దీని మీద నేనొక వ్యాసం కూడా రాశాను," అన్నారు.

ఇంకేముంది! ఆ కబురు గేటు దాటి వీధిన పడింది. గంట తిరిగేసరికి మిగతా తోటలన్నీ బోసిపోయి, జనం మొత్తం కదలకండిగారి పెరట్లో క్యూ కట్టారు. ఊరికే నిలబడటమెందుకని ఒకావిడ తెర ముందు నిలబడి చీర సర్దుకుంది. తెర ముందు మనిషి నిలబడేసరికి కదలకండిగారి చేతులు వాటంతటవే కెమేరా అందుకున్నాయి. "కొంచెం గడ్డం పైకి... కదలకండి!" దాంతో ఫోటోల క్యూ ఇంకొకటి మొదలైంది. చందా డబ్బా బరువెక్కింది.

పదిన్నరకి ఒక పెద్దమనిషి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "పన్నెండేళ్ళకోసారి పూస్తుందటగా! టీ బల్ల దగ్గర మీ ఆవిడే చెప్పారు!"

కదలకండిగారు బావమరిదిని పక్కకి లాగారు. "పన్నెండేళ్ళేంట్రా? మనం చెప్పలేదుగా?"

"అక్క కూడా మన పార్టీలో చేరిపోయినట్టుంది బావా. వంశంలో ఉంది."

పదకొండు కొట్టేసరికి పెద్దమేడం రానే వచ్చింది. కళ్ళజోడు ముక్కు చివర, జాబితా చంకలో. వెనకాలే కదలకండిగారి భార్య. ఆవిడ వస్తూనే ఆయన్ని జామచెట్టు చాటుకి తీసుకువెళ్ళింది. తిట్లు మొదలవుతాయని ఆయన తల వంచుకున్నారు. తీరా చూస్తే ఆవిడ కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదేమండీ? అందరూ వచ్చి మీ ఆయన పువ్వు, మీ ఆయన పువ్వు అంటుంటే, తెలియదంటే పరువు పోతుందని తలాడించేశాను. పన్నెండేళ్ళన్నది కూడా నేనే కలిపాను. నా మొక్కల వంక కన్నెత్తి చూడని మనిషి, నాకోసం గుట్టుగా పువ్వు పెంచారంటే... ఎంత సంతోషంగా ఉందో తెలుసా?"

ఆ క్షణంలో భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననుకున్నారాయన. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. "అది కాదే, అసలు జరిగిందేమిటంటే..."

"తెర తీయండి!" అంది పెద్దమేడం. ఆ గొంతుకి క్యూలో సగంమంది చేతులు కట్టుకున్నారు.

"ఎండ తగలకూడదు మేడం. పువ్వు సున్నితం," అన్నాడు బావమరిది.

"నాకు నలభై ఏళ్ళ సర్వీసు. నేను వినని సాకు లేదు," అంటూ ఆవిడే తాడు పట్టి లాగింది. కర్రలు ఒరిగాయి. హంసలు, ఫౌంటెను, మెట్లు అన్నీ దభీమని కిందపడ్డాయి.

మడిలో పువ్వుల మధ్య ఒక మనిషి అచ్చు ఉంది. చాచిన చేతులు రెండు, కాళ్ళు రెండు, నడుమ గుండ్రంగా పొట్ట. పక్కనే మూడుకాళ్ళ స్టాండు గుచ్చుకున్న గుంటలు మూడు. జనం ఆ అచ్చుని చూశారు, కదలకండిగారి పొట్టని చూశారు. ఆయన చెవి వెనక పొద్దుటినుంచీ అంటుకునే ఉన్న ఎర్ర రేకుని కూడా చూశారు. లెక్చరరుగారే గొంతు సవరించుకుని, "ఇది... రాలిపోయే దశ," అన్నారు.

"సేవ పేరు చెప్పి మోసమా!" పెద్దమేడం విరుచుకుపడింది. "మొక్క అంటే ఏమిటో, పెంపకం అంటే ఏమిటో తెలియనివాళ్ళకి తోటలెందుకు? ఈ ఇల్లు ఇంక జాబితాలో ఉండదు!" అని కలం తీసింది.

భార్య మొహం తెల్లగా పాలిపోయింది. అది చూసి కదలకండిగారు పెద్దమేడానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డారు. ఆవిడకి ఎదురు నిలబడటం ఆ వీధిలో అదే మొదలు. "పడింది నేను. అబద్ధమాడింది నేను, వీడు. ఆవిడకేం తెలియదు. ఏడాది పాటు ఈ మడిలో ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి ఆవిడ. కొడితే నా పేరు కొట్టండి, ఆవిడ తోటని కొట్టకండి."

పెద్దమేడం కలం కాగితానికి ఆనేలోపల గేటు దగ్గరనుంచి గట్టిగా ఒక కేక వినిపించింది.

"మేడంగారూ! మీరిక్కడున్నారా? మీ ఇంటి దగ్గర పురుగు కూడా లేదు. జనం వచ్చి వెళ్ళిపోయారనుకుని కుండీలన్నీ బండి ఎక్కించేశాం. రెండు గులాబీలు తగ్గాయి. నిరుడు కూడా ఒకటి తగ్గిందని మా ఓనరు నన్ను నానా మాటలూ అన్నాడు. కాస్త గుర్తుచేసుకోండి!"

నర్సరీవాడు. వాడి వెనక, గేటు బయట, వ్యాను నిండా గులాబీలు. వీధి ఏళ్ళ తరబడి నోరు వెళ్ళబెట్టి చూసిన గులాబీలే. ఒక్క ఎండుటాకు కూడా లేదు. అద్దె కుండీలకి ఎండిపోయేంత టైమెక్కడిది?

జనం ఈసారి వ్యాను వైపు తిరిగారు. అందరూ లెక్చరరు మొహం చూస్తే ఆయన, "వలస వెళ్ళే రకం," అని గొణిగి మెల్లగా జామచెట్టు వెనక్కి తప్పుకున్నారు.

పెద్దమేడం కలానికి మూత పెట్టింది. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మడి వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. "మట్టి మంచిదేనమ్మా. దుంపలకేం కాలేదు. వచ్చే ఏడు జాబితాలో... మొదట మీ ఇల్లే రాస్తాను."

"రాయండి మేడం. మావి నేలలో పాతినవే. ఎవరూ పట్టుకుపోరు," అంది ఆ ఇల్లాలు, చాలా మర్యాదగా.

పెద్దమేడం వ్యాను వెంట ఇంటిదారి పట్టింది. అప్పుడు భార్య కదలకండిగారి వైపు తిరిగింది. బావమరిది గోడ దూకడానికి చోటు చూసుకుంటున్నాడు.

"అసలా స్టూలెందుకెక్కారు?"

"నీ మడిని ఫోటో తీసి మన షాపు ముందు అద్దంలో పెడదామని," అన్నారాయన నేల చూపులు చూస్తూ. "ముప్ఫై ఏళ్ళనించీ వీధిలో అందరి పెళ్ళాల ఫోటోలూ ఆ అద్దంలో పెట్టాను. నీదంటూ ఒక్కటీ పెట్టలేదు. పొద్దున్న ఎండలో చూస్తే నీ పూలు చాలా బాగున్నాయే. నిజంగా."

ఆవిడ కొంగుతో ఆయన చెవి వెనక రేకు తీసింది. దాన్ని పారేయకుండా గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత చెయ్యి చాచి, "కెమేరా ఇలా ఇవ్వండి. మీరు మడిలోకి దిగండి," అంది.

"ఎందుకే?"

"పన్నెండేళ్ళకోసారి పూసే పువ్వుని చూపిస్తానని వీధంతటికీ మాటిచ్చాను. ఇరవయ్యారేళ్ళ కాపురంలో మీరు నా తోటలో అడుగుపెట్టడం ఇదే మొదలు. అంతకంటే అరుదైన పువ్వు నా దగ్గర లేదు."

కదలకండిగారు చెప్పులు విడిచి, తన అచ్చులోనే తాను వెళ్ళి నిలబడ్డారు. ఒరిగిపోయిన డాలియాలన్నిటినీ రెండు చేతులా వాటేసుకుని పైకి లేపారు. క్యూలోవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఆవిడ కెమేరాలోంచి చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, "గడ్డం పైకి," అంది. ఆయన ఎత్తారు. "కదలకండి!" అంది. ఆయన కదల్లేదు.

ఆ ఫోటో ఇప్పటికీ షాపు అద్దంలో నట్టనడుమ ఉంది. ముప్ఫై ఏళ్ళలో అక్కడ పెట్టిన ఫోటోలన్నిటిలో, మనిషి కళ్ళు మూసుకున్నది అదొక్కటే.