ఆధార మాసంలో అత్తగారు

“కొలిచినదే తగ్గును! తగ్గినదే కొలవవలెను!”

మా సుస్థిరతా కొలతల శాఖ ముఖద్వారం మీద బంగారు రంగు అక్షరాలతో చెక్కించిన మహావాక్యం ఇది. మొదటి సగం ఎవరో పెద్దలు అన్నారు. రెండో సగం మా పెద్దాఫీసరు కలిపారు. భూగోళాన్ని కాపాడటానికి ఎవరెవరు ఏయే పథకాలు పెట్టారో, వాటివల్ల డబ్బెంత మిగిలిందో, గాలీ నీరూ ఎంత బాగుపడ్డాయో కొలిచి చెప్పడం మా పని. భూగోళాన్ని కాపాడటం మా పని కాదు. దానికి వేరే శాఖ ఉంది. వాళ్లకూ మాకూ పడదు.

మా పెద్దాఫీసరును చాటుగా అందరం శాతాల సారు అంటాం. శాతం లేకుండా ఆయన నోట మాట రాదు. కులాసానా సార్ అంటే “డెబ్బై శాతం” అంటారు. ఒకసారి ఇంటికి భోజనానికి పిలుస్తూ, “మీరు నూటికి నూరు శాతం రావాలి, మీ ఆవిడ యాభై శాతం వచ్చినా చాలు” అన్నారు. మా ఆవిడ ఆ మాటకు అర్థం ఇప్పటికీ వెతుకుతోంది.

ఆ శాతాల సారు ఒక సోమవారం మమ్మల్నందరినీ సమావేశపు గదిలోకి పిలిచి ఉత్తర్వు చదివారు. ఊరికి నీతులు చెప్పేముందు మా శాఖవాళ్లే ఆదర్శంగా నిలవాలట. మేమంతా ఉండేది శాఖ క్వార్టర్లలోనే కనుక, మా ఇళ్లలో కరెంటూ నీళ్లూ రెండు నెలలపాటు కొలుస్తారట. మొదటిది ఆధార మాసం. ఎప్పుడూ ఎలా బతుకుతామో అలాగే బతకాలి. రెండోది పొదుపు మాసం. అప్పుడు పచ్చని పద్ధతులు పాటించాలి. రెండు నెలలకూ మధ్య తేడాయే పథకం సాధించిన ఫలితం! అందరికంటే ఎక్కువ తగ్గించినవారికి సన్మానం. అందరికంటే అడుగున నిలిచినవారికి వాసన కేంద్రానికి బదిలీ.

వాసన కేంద్రం పేరు వినగానే, ఒక్కరి మొహంలోనూ కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఊరి మురుగంతా చేరే చోట మా శాఖకు ఒక చిన్న గది ఉంది. అక్కడి అధికారి పొద్దస్తమానం మురుగు గుంటల అంచున నిలబడి, వాసన పెరిగిందో తగ్గిందో ముక్కుతో చూసి రాయాలి. యంత్రం కొంటే పర్యావరణానికి భారమని శాఖ నిర్ణయించింది. అక్కడ పనిచేసి తిరిగొచ్చిన ఒకాయన ఉన్నాడు. అత్తరు సీసా ముక్కు దగ్గర పెట్టినా “నిన్నటికన్నా స్వల్పంగా పెరిగింది” అంటాడు.

ఉత్తర్వు చదవడం అయ్యాక శాతాల సారు స్వయంగా లేచి తలుపు వేసి, గొంతు తగ్గించారు.

“ఇంతవరకు చదివింది ఉత్తర్వు. ఇక దాని భావం చెబుతాను. మొదటి నెల ఎంత ఎత్తు ఎక్కితే రెండో నెల అంత కిందికి దిగొచ్చు. నేలమీదే కూర్చున్నవాడు ఎక్కడికి దిగుతాడు? నుయ్యి తవ్వుకోవాలి! అర్థమైందా?”

“ఎనభై శాతం అర్థమైంది సార్” అన్నాడు పైవాటా మోటారు.

పైవాటా మోటారు అంటే మా వాటాకు సరిగ్గా పైన ఉండే సహోద్యోగి. నీళ్ల మోటారు వేసి మరిచిపోవడం అతని అలవాటు. ట్యాంకు నిండి, పొర్లి, మా వరండాలో జలపాతంగా పడుతుంది. ఇన్నాళ్లూ దాన్ని మేము నిర్లక్ష్యం అనుకున్నాం. ఆధార మాసం వచ్చాక అది ముందుచూపని తేలింది!

ఆ సాయంత్రం నుంచే మా క్వార్టర్లు వెలిగిపోయాయి. పట్టపగలు గుమ్మం దీపాలు, తలుపులు బార్లా తీసి ఏసీలు, మండే ఎండల్లో హీటర్లు! ఒకరింట్లో ఒకే గదిలో హీటరునూ ఏసీనీ ఎదురెదురుగా పెట్టి, ఏది గెలుస్తుందోనని కుటుంబమంతా కూర్చుని చూశారు. తోటలేనివాళ్లు గోడలకు నీళ్లు పెట్టారు. శాతాల సారు ఇంట్లో ఉతికిన బట్టలనే మళ్లీ ఉతుకుతున్నారనీ, ఆయన చొక్కాల రంగు అరవై శాతం పోయిందనీ చెప్పుకున్నారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఏసీ కొన్నాను, గీజరు కొన్నాను. మా ఆవిడ ఆ ఏసీని నమ్మలేనట్టు తడిమి చూసింది.

“ఏవండీ, పెళ్లయిన దగ్గర్నుంచి మొత్తుకుంటున్నా కొనలేదు. ఇప్పుడేంటి, ఉన్నట్టుండి?”

“పర్యావరణం కోసం” అన్నాను.

“ఎవరికోసమైతేనేంలెండి, వచ్చింది” అంది.

అంతా సవ్యంగానే సాగేది, మా ఇంట్లో మా అత్తగారు లేకపోతే!

మా మామగారు పోయాక ఆవిడ మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ దాటి వచ్చిన గదిలో దీపం వెలగదు. కూరగాయలు కడిగిన నీళ్లు కుండీలకు, బట్టలు జాడించిన నీళ్లు వాకిలికి పోస్తారు. పాత దుప్పటి దిండు గలీబు అవుతుంది, గలీబు మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. మా శాఖ పరిభాషలో దీన్ని చక్రీయ ఆర్థిక వ్యవస్థ అంటారు. దానిమీద ఎత్తలేనంత బరువైన నివేదిక ఉంది. మా అత్తగారి భాషలో దీన్ని ఒళ్లు దగ్గర పెట్టుకోవడం అంటారు.

నేను పొద్దున్నే అన్ని స్విచ్చులూ వేసి, అన్ని కొళాయిలూ కాస్త వదులు చేసి ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. తిరిగొచ్చేసరికి ఇల్లు చీకటిగుయ్యారం. కొళాయిలు బిగించి ఉండేవి, గీజరు ప్లగ్గు పీకి ఉండేది. కొత్త ఏసీకి దుమ్ము పడుతుందని ఆవిడ గుడ్డతో సంచి కుట్టి తొడిగారు, దానికి ముడివేసే తాళ్లతో సహా.

సగం నెల గడిచాక వెళ్లి మీటరు చూశాను. ఏసీ కొన్నాక మా వాడకం అంతకుముందుకన్నా తగ్గింది! ఏసీని చూసి బిల్లు గురించి బెంగపడి, ఆవిడ రాత్రిపూట ఫ్రిజ్ కూడా ఆపేస్తున్నారు. ఇలాగైతే వచ్చే నెల నేను దేన్ని తగ్గించాలి? నా ముక్కు నాకప్పుడే మండటం మొదలైంది.

“అత్తయ్యా, ఈ నెల మీరు స్విచ్చుల జోలికి వెళ్లకూడదు” అన్నాను.

“ఏం అల్లుడుగారూ? షాకు కొడుతున్నాయా?”

“కాదు. కరెంటు పొదుపు చెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.”

“అదేగా నేను చేస్తున్నది!”

“మీరు ముందే చేసేస్తున్నారు! పొదుపు వచ్చే నెల. ఈ నెల దుబారా.”

ఉత్తర్వునూ దాని భావాన్నీ విడమరిచి చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపి ఓపిగ్గా విన్నారు.

“అంటే, ముందు ఒళ్లంతా బురద పూసుకుని, ఆనక స్నానం చేసి, ఎంత మురికి వదిలిందో చూశారా అని ఊళ్లో చెప్పుకోవడమన్నమాట.”

“సరిగ్గా అంతే! దాన్నే ప్రభావ మదింపు అంటాం.”

“అసలు బురదెందుకు పూసుకున్నావని ఎవరూ అడగరా?”

“అడిగేవాళ్లూ అదే బురదలో ఉంటారత్తయ్యా.”

ఆవిడ ససేమిరా అన్నారు. ఈ వయసులో పాడు అలవాట్లు నేర్చుకోలేనన్నారు. ఇక దాచి లాభం లేక వాసన కేంద్రం సంగతి చెప్పేశాను. ఆవిడ నా చొక్కా వైపు చూశారు, తర్వాత ఆ చొక్కా ఉతకాల్సిన తన కూతురి చేతుల వైపు చూశారు.

“సరే, నా కూతురి కోసం చెడిపోతాను” అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో దుబారా శిక్షణ మొదలైంది. మొదట్లో కొళాయి తిప్పి కళ్లు మూసుకునేవారు. ఏసీ వేసి, తలుపు దగ్గరగా వేసి, పక్కగదిలో వచ్చి ఉక్కపోతలో కూర్చునేవారు.

“అత్తయ్యా, ఆ గదిలోనే కూర్చోవాలి.”

“వేస్తే చాలదా? సుఖపడటం కూడా ఉత్తర్వులో ఉందా?”

“ఉంది” అన్నాను. నోటికి హద్దు లేకపోతే ఏమవుతుందో నాకు తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం ఆవిడ వేణ్ణీళ్లతో తలారా స్నానం చేసి, ఏసీ గదిలో దుప్పటి కప్పుకుని నడుం వాల్చారు. మర్నాడు ఎండెక్కేదాకా లేవలేదు. మా ఆవిడ కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వాళ్లమ్మ హాయిగా గురక పెడుతున్నారు.

మొత్తానికి నెలాఖరుకు మా ఆధారం చెప్పుకోదగ్గ ఎత్తుకు చేరింది. పొదుపు మాసం మొదటి రోజు పొద్దున నేను హుషారుగా ఆవిడ గది తలుపు కొట్టాను.

“అత్తయ్యా, మీ కష్టకాలం తీరింది! ఇక మీ పాత పద్ధతికి వచ్చేయండి.”

“ఏ పాత పద్ధతి?” అని దుప్పటిలోంచి గొంతు వినిపించింది.

“అదే, ఏసీ లేకుండా, చన్నీళ్లతో...”

ఆవిడ లేచి కూర్చున్నారు. “అల్లుడుగారూ, వేణ్ణీళ్లకి నా మోకాళ్ల నొప్పులు సగం పోయాయి. ఈ చల్లదనానికి ఒళ్లెరగని నిద్ర పడుతోంది. ఇన్నేళ్లూ పొయ్యి ముందు ఉడికిపోతూ, బతుకంటే ఇంతేనేమో అనుకున్నా. ఇప్పుడు మళ్లీ ఉడకమంటే నావల్ల కాదు నాయనా.”

ఆవిడ మీద కోపం రాలేదు, జాలేసింది. ఆ వెంటనే నామీద నాకే జాలేసింది. ఈ ఊళ్లో భూమికి బరువు కాకుండా బతికిన మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉండేవారు. మా శాఖ పట్టుదలగా పనిచేసి ఆ ఒక్కరినీ మార్చేసింది. పథకం ప్రభావమంటే నిజానికి అదే గానీ, దాన్ని రాసే గడి మా ఫారంలో లేదు.

యుద్ధం తిరగబడింది. ఇప్పుడు నేను ఆపుతాను, ఆవిడ వేస్తారు. నేను ప్లగ్గు పీకుతాను, ఆవిడ పెడతారు. రిమోటు దిండు కింద పెట్టుకుని పడుకునేవారు. మా ఆవిడ ఎటూ తల్లి పక్షమే.

పైవాటా మోటారు పెళ్లాం పిల్లల్ని బావమరిది ఇంటికి పంపేసి, తను ఆఫీసులో స్నానం చేశాడు. శాతాల సారైతే ఇంటికి తాళం వేసి, సకుటుంబంగా ఈతకొలను ఉన్న హోటల్లో దిగారు. హోటలు మీటరు మా పథకం కిందికి రాదు.

నెలాఖరున మీటరు రాసే అతను వచ్చాడు. కాఫీ తాగించి, తీరిగ్గా మాట్లాడుకుని రాయిద్దామని నేను మెట్లు దిగి పరుగెత్తేలోపే రాసేసుకుని పోయాడు. అతనికి ఆ రోజు ఎందుకో పని మీద శ్రద్ధ కలిగింది. శాఖ మొత్తంలో వాడకం పెరిగిన ఇల్లు మాదొక్కటే!

“నేను తొంభై ఏడు శాతం తగ్గించాను. నువ్వు పెంచావు!” అన్నారు శాతాల సారు. “సున్నా శాతానికి ఆ పక్క ఇంకో లోకం ఉందని నాకు ఇవాళే తెలిసింది. వాసన కేంద్రం ఆర్డరు టైపయింది, సంతకమే తరువాయి. పో, ముక్కు బాగా చూపించుకుని రా.”

ఆయన అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మిగతా ఇళ్ల తగ్గుదలను ఊరి జనాభాతో హెచ్చవేసి, ఊరంతా మాలాగే బతికితే ఎంత మిగులుతుందో లెక్కగట్టి పైకి పంపారు. ఆ లెక్కలో ఊరికి మిగిలే కరెంటు, ఊరికి వచ్చే కరెంటుకంటే ఎక్కువ తేలింది! నదిలోంచి తోడుకునే నీళ్లకంటే నదికి తిరిగిచ్చే నీళ్లు ఎక్కువ వచ్చాయి. పైవాళ్లకు అనుమానం వచ్చి ఒక తనిఖీ అధికారిని పంపారు.

ఆయన పొడుగాటి కారులో దిగారు. శాతాల సారు తన ఇల్లు చూపించబోతే అటు తిరిగి కూడా చూడలేదు.

“ఈ పెరిగిన ఇల్లు ఎవరిది? అది చూడాలి. మీరెవరూ నా వెంట రావద్దు” అన్నారు.

మా మేడ మెట్లెక్కి వచ్చి, చల్లగా ఉందని నేరుగా మా అత్తగారి గదిలోనే కూర్చున్నారు. ఎందుకు పెరిగిందని అడిగారు. మా అత్తగారికి అబద్ధం కూడా దండగ ఖర్చే. ఆధార మాసం, దాని భావం, బురద, స్నానం, శిక్షణ, అన్నీ చెప్పుకొచ్చారు. నేను ఆయన వెనక నిలబడి చేతులు జోడించాను, కళ్లు ఉరిమాను, చివరికి దగ్గాను.

“దగ్గు మందు అలమరలో ఉంది అల్లుడుగారూ” అని, ఆవిడ మిగతాది కూడా చెప్పారు.

తనిఖీ అధికారి జేబులో చెయ్యి పెట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది.

“ఇన్నేళ్ల సర్వీసులో, పెరిగినదాన్ని పెరిగిందని రాయనిచ్చినవాణ్ణి ఇవాళే చూస్తున్నా” అన్నారాయన జేబురుమాలుతో కళ్లొత్తుకుంటూ. “వాసన కేంద్రానికి వెళ్లాల్సింది మీరు కాదు, మీ సారు. మీరు రేపే మా తనిఖీ శాఖలో చేరిపొండి. మాకు నిజాయితీపరులు కరువయ్యారు.”

సంతోషంలో నా నోరు జారింది. “మరి సార్, ఆధార మాసంలో అందరం చేసింది...”

“అది నివేదికలోకి రాకూడదు” అన్నారాయన మెత్తగా. “ఆధార మాసాన్ని ముట్టుకుంటే ఏ శాఖా నిలబడదు. మీ సారు చేసిన తప్పు దుబారా కాదు, గుణకారం.”

ఆయన కాగితం తీసి నా నిజాయితీ గురించి రాస్తున్నారు. కింద కారు ఇంజిన్ వచ్చిన దగ్గర్నుంచీ ఆగకుండా మోగుతూనే ఉంది. మా అత్తగారు కాసేపు ఓర్చుకున్నారు గానీ, చచ్చినా పోని బుద్ధి ఒక్కసారి లేచొచ్చినట్టుంది.

“బాబూ, మీ డ్రైవరు ఇంజిన్ ఆపడం మరిచిపోయినట్టున్నాడు. నూనె దండగ. అల్లుడుగారిని పంపి ఆపమని చెప్పించనా?”

తనిఖీ అధికారి కలం వదిలేసి లేచి నిలబడ్డారు. “వద్దమ్మా, వద్దు! మా తనిఖీ శాఖకి ఈ నెలే ఆధార మాసం!”

“అయ్యో, ముందే చెప్పొద్దూ!” అని మా అత్తగారు నొచ్చుకున్నారు. “ఏసీ ఇంకాస్త పెంచనా మరి?”

“మీ ఇంటి మీటరు మా లెక్కలోకి రాదమ్మా” అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

సంతకం చేసి, నాతో చెయ్యి కలిపి, ఆయన కిందికి దిగారు. మేము ముగ్గురం కిటికీలోంచి చూస్తున్నాం.

“ఆఫీసుకేనా సార్? ఈ వీధి చివరేగా” అన్నాడు డ్రైవరు.

“దగ్గర కాబట్టే చెబుతున్నా. ఊరంతా చుట్టి పోనివ్వు” అన్నారాయన.