కనుబొమల ఉద్యోగం

మొగుడికి పాందెసాల్ రొట్టె తినిపించి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, చేపల బజారుకు పోయి రావాలని హెర్మీనియా పొద్దున్నే అనుకుంది. బుట్ట తీసుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. క్రిస్పులో తెరకేసి కనుబొమలు ఎగరేస్తున్నాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

"ఎవరికయ్యా ఆ సైగలు?"

"పనే! నా చేతులు లేవవు కదా. కెమెరా నా మొహం చూస్తుంటుంది. తల తిప్పితే తెర మీద బాణం కదులుతుంది, కనుబొమలు ఎగరేస్తే మీట నొక్కినట్టు. ఇవాళ పరీక్ష నెగ్గితే కస్టమర్ల గొడవలు తీర్చే ఉద్యోగం నాదే."

"నన్ను బుట్టలో వేసుకున్నది కూడా ఆ కనుబొమలతోనేగా!"

అతని చేతులు పడిపోయిన ప్రమాదం తర్వాత ఇంటికి రాబోయే మొదటి జీతం అది. అది ఆమెకూ తెలుసు. కానీ అనుమానం జీతం మాట వింటుందా? వీధి తలుపున వెళ్లి వంటింటి తలుపున లోపలికొచ్చింది. తెర మీద ఎర్ర గౌనులో ఓ ఆడమనిషి ఫొటో!

చక్రాల కుర్చీని పక్కకు నెట్టి, తెరలో మొహం పెట్టేసింది.

"ఎవరిది?" అంటూ తమ ఇలోయిలో ఊళ్లో అందరూ చూపించినట్టే వేలికి బదులు మూతితో చూపించింది.

"బీరువా విరిగిందని గొడవపడుతున్న కస్టమరు! నువ్వు జరుగు, కెమెరా నీ మొహం పట్టుకుంది!"

ఆమె మూతి ఎటు తిరిగితే బాణం అటు జారింది. తెర మూల మేనేజరు పంపిన పలకరింపు కింద వరసగా ఉన్న బొమ్మల్లో ముద్దు బొమ్మ మీద ఆగింది. నమ్మలేక హెర్మీనియా కనుబొమలు ఎగరేసింది. ముద్దు వెళ్లిపోయింది.

"కనుబొమలు దించవే!"

"నేనెందుకు దించాలి?" అవి ఇంకా పైకి లేచాయి. ఇంకో ముద్దు.

"అవి మా మేనేజరుకి వెళ్తున్నాయే తల్లీ!"

ఈసారి కనుబొమలు జుట్టును తాకాయి. ముద్దులు వరసకట్టాయి.

ఫోను మోగింది. హెర్మీనియా హలో అంటూ ఎత్తింది. అవతల, మొగుడి ఫోనులో ఆ ముద్దులు చూసేసిన మేనేజరు భార్య.

"క్రిస్పులో అని మగపేరు పెట్టుకుని మా ఆయనకి ముద్దులు పంపుతున్నది నువ్వేనా? గొంతు వింటేనే తెలుస్తోంది!"

"నేను చేత్తో దేన్నీ ముట్టుకోలేదమ్మా! కనుబొమలు ఎగరేశానంతే!"

"ఓహో! కనుబొమలు కూడా ఎగరేశావా?"

నిజం చెబుతుంటే ఎవరూ నమ్మకపోవడం ఎలా ఉంటుందో హెర్మీనియాకి అప్పుడు తెలిసింది. ఏడుపొక్కటే తక్కువ. "మా ఆయన ఉద్యోగం పోగొట్టకండమ్మా, కావాలంటే కళ్లారా చూడండి" అని ఫోను కెమెరా తిప్పి పట్టుకుంది. అవతల మొగుడూపెళ్లాలిద్దరూ చూస్తుండగా క్రిస్పులో తల తిప్పుతూ, కనుబొమలు ఎగరేస్తూ బీరువా గొడవ తీర్చి, కస్టమరు చేత థాంక్స్ చెప్పించాడు.

ఉద్యోగం ఇచ్చారు. షరతు మాత్రం మేనేజరు భార్య పెట్టింది: పనివేళల్లో హెర్మీనియా ఆ గదిలో అడుగు పెట్టకూడదు.

ఆ షరతుకి మొగుడు అంత చప్పున ఎందుకు ఒప్పుకున్నాడన్నదే ఇప్పుడు హెర్మీనియా అనుమానం.