ఆకుపచ్చ అంటే పాలు

ఆ పొద్దున వేసుకున్న ప్లానులో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఈ మాట టైలరు తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

దేశాల పోటీలకు వచ్చిన ఆటగాళ్లు దిగిన భవనంలో నాలుగో అంతస్తు గది అది. రెండు మంచాలూ కలిపి గోడకు జరిపేశారు. ఏడు నెలల పాప దొర్లి పడకుండా చుట్టూ దిండ్లు పేర్చారు. కిటికీ కమ్మీకి పాప గుడ్డలు ఆరు, వాటి పక్కనే దేశం పేరు రాసిన ఆట చొక్కా ఒకటి ఆరుతున్నాయి. మంచం అంచున టైలరు కూర్చుని నాలుగు రంగుల గుడ్డముక్కలు తొడ మీద పరుచుకున్నాడు. నాలుగింటికీ చక్కగా అంచులు మడిచి కుట్టాడు. అంచు కుట్టని గుడ్డను నలుగురిలోకి తీసుకెళ్లడం ఆయనకు ప్రాణం పోయినా కుదరదు.

ఎదురుగా నిలబడి జడ బిగించుకుంటున్న ఆయన భార్యను జట్టులో అందరూ వదిన అంటారు. మిక్స్‌డ్ డబుల్స్‌లో ఆమెకు జోడీ సొంత మరిదే. అతను వదినా, వదినా అని పిలవగా పిలవగా జట్టంతటికీ అదే పేరు అలవాటైంది. ఆమె కంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన కోచ్ కూడా కోర్టు పక్కన కూర్చుని "వదినగారూ, మోకాళ్లు వంచండి" అనే అరుస్తాడు.

"మళ్లీ ఒకసారి చెప్పండి" అంది వదిన.

"నీలం ఊపితే తడిపింది. తెల్లది ఊపితే పడుకుంది. ఆకుపచ్చ ఊపితే పాలు తాగింది."

"ఎర్రది?"

టైలరు ఎర్రగుడ్డను మిగతావాటి కిందికి తోశాడు. "ఎర్రది తియ్యను."

"తియ్యాల్సొస్తే?"

"ఇక నావల్ల కాదు, వచ్చెయ్ అని."

"అది కనబడిందంటే రాకెట్ అక్కడే పెట్టేసి వచ్చేస్తా. స్కోరెంతైనా సరే. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననకండి."

తలుపు దగ్గర బూట్ల తాళ్లు కట్టుకుంటున్న మరిది తలెత్తాడు. "వదినా, ఇవాళ గెలిస్తే సెమీఫైనల్. అందులో ఓడినా కంచు పతకం ఖాయం. నువ్వు మధ్యలో వెళ్లిపోతే నేనేం చెయ్యను? నెట్ మడతపెట్టుకుని ఇంటికెళ్లనా?"

"అయితే మీ అన్నయ్యకి చెప్పు, దాని చేత నాలుగు గుటకలు తాగించమని."

చిక్కంతా ఆ సీసా దగ్గరే ఉంది. ఇంతవరకూ ఆడిన మ్యాచ్‌లు అరగంటలో తేలిపోయాయి కాబట్టి ముందు పాలిచ్చి వెళితే సరిపోయింది. ఇవాళ్టి జోడీ గట్టిది, గంట దాటవచ్చు. అందుకని వదిన పొద్దున్నే పాలు తీసి సీసాలో పోసి పెట్టింది. పాపకు మాత్రం సీసా అంటే గిట్టదు. వారం నుంచీ టైలరు పట్టించబోయినప్పుడల్లా, కొలతలు తప్పి కుట్టిన చొక్కా తెచ్చిచ్చినవాణ్ణి చూసినట్టు ఆయన్ను చూసి పెదవులు బిగిస్తోంది. కోర్టులోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. గ్యాలరీలో మూడో వరస నుంచి గుడ్డ ఊపితే ఎంత దూరానికైనా కనిపిస్తుంది. ప్లాను అదీ.

సాఫ్ట్ టెన్నిస్ మెత్తని రబ్బరు బంతితో ఆడతారు. మ్యాచ్‌కు ముందు చిన్న పంపుతో బంతిలోకి గాలి నింపి, భుజం ఎత్తునుంచి వదిలి, ఎంత ఎగురుతుందో చూస్తారు. వదిన బంతిని వేళ్ల మధ్య నొక్కి చూసింది. సరిగ్గా పాప బుగ్గంత మెత్తగా ఉంది. వెంటనే గ్యాలరీ వైపు చూసింది. టైలరు ఒక చేత్తో పాపను ఎత్తుకుని రెండో చెయ్యి ఊపాడు. ఆ చేతిలో గుడ్డేమీ లేదు.

"ఏమీ లేదంటే ఏంటి అర్థం?" అంది వదిన.

"ఏమీ లేదనే వదినా. బంతి చూడు" అన్నాడు మరిది.

ఎదుటి జోడీలో ఒకడు తాటిచెట్టంత పొడుగు. రెండో మనిషి కళ్లద్దాల అమ్మాయి, బుల్లెట్‌లా పరిగెడుతుంది. వాళ్లకంటే భయపడాల్సింది వాళ్ల కోచ్‌కి. ఆయన ఒళ్లో ఎప్పుడూ ఒక నోటుబుక్కు ఉంటుంది. ఎదుటివాళ్లు మంచినీళ్లు ఎన్ని గుటకలు తాగారో కూడా అందులో రాసుకునే రకం.

వదిన మొదటి సర్వీస్ చేసే ముందు మూడో వరసలో నీలం ఎగిరింది. "అప్పుడే తడిపేసిందా! సంచిలో మూడు గుడ్డలే పెట్టానే" అనుకుంటూ సర్వీస్ చేసేసరికి చేతిలో బలం పోయి, ఎదుటివాళ్లు తిరిగి పంపిన బంతిని నెట్ అవతల అలా జారవిడిచింది. కళ్లద్దాల అమ్మాయి అంతదూరం నుంచి పరిగెత్తుకొచ్చినా అందలేదు. కాసేపటికి తెల్లది ఎగిరింది. వదినకు గుండె తేలికై, ఆ తేలికలో బంతి ఆకాశానికి లేచి, పొడుగువాడి తల మీదుగా వెళ్లి గీత లోపల పడింది. ఇలా రంగులు మారుతూ మనవాళ్లు మూడు గేములు గెలిచి, ఒకటే ఓడి ముందుకెళ్లారు. తొమ్మిదింటిలో ముందుగా ఐదు గెలిచినవాళ్లదే మ్యాచ్.

అవతల నోటుబుక్కు కోచ్ కలం ఆగింది. ప్రతి పాయింటుకూ ఈమె పైకి ఎందుకు చూస్తోంది? ఆయన ఆమె చూపు వెంట మూడో వరసకు వెళ్లాడు. అక్కడొక మనిషి, పసిబిడ్డను అడ్డం పెట్టుకుని, జెండాలు ఊపుతున్నాడు! ఆయన వెంటనే రాసుకున్నాడు. నీలం: పొట్టి బంతి. తెలుపు: ఎత్తు బంతి. కింద రెండు గీతలు గీశాడు.

ఆ తర్వాత ఆట తిరగబడింది. నీలం ఎగరగానే కళ్లద్దాల అమ్మాయి నెట్ దగ్గరికి దూకుతోంది. తెల్లది ఎగరగానే పొడుగువాడు వెనక్కి పరిగెడుతున్నాడు. పాప తడపడం, పడుకోవడం, లేవడం, మళ్లీ తడపడం, అంతా ఎదుటివాళ్లకు పాయింట్లవుతోంది. మూడు-నాలుగు అయ్యేసరికి మరిది వదిన చెవి దగ్గరికి వచ్చాడు.

"వదినా, వాళ్లు మనల్ని చూసి ఆడట్లేదు. అన్నయ్యని చూసి ఆడుతున్నారు."

"ఆయన్ని చూస్తే ఏం తెలుస్తుంది? నాకే ఏమీ తెలీదు" అంది వదిన, కళ్లు మూడో వరస మీదే ఉంచి. "ఇంతసేపైంది, ఆకుపచ్చ ఊపలేదు చూశావా? ఒక్క చుక్క తాగలేదన్నమాట."

అప్పుడు ఎత్తు కుర్చీలోంచి అంపైర్ పసుపు కార్డు తీసి ఆమె వైపు చూపించాడు. వదిన మొహం పాలిపోయింది.

"పసుపా? పసుపంటే ఏంటి? మనం పసుపు పెట్టుకోలేదే! మీ అన్నయ్య కొత్త రంగు కలిపారా? విరేచనాలా?"

"అన్నయ్య కాదు వదినా, అంపైర్. మనకి హెచ్చరిక. గ్యాలరీ నుంచి ఆట సలహాలు తీసుకుంటున్నామట. ఇంకోసారి అటు చూస్తే పాయింటు పోతుంది."

"అంతేనా! హమ్మయ్య" అని వదిన అంపైర్‌కు దండం పెట్టింది. పసుపు కార్డు తీసుకుని అంత ఆనందించిన క్రీడాకారిణిని ఆయన తన సర్వీసులో చూడలేదు. ఆయన అనుమానం ఇంకాస్త పెరిగింది. వెంటనే ఒక అధికారిణిని గ్యాలరీలోకి పంపాడు.

ఆవిడ యాభై దాటిన మనిషి. ఎర్ర కోటు, మెడలో ఈల. వచ్చి టైలరు పక్కన కూర్చుంది.

"ఏంటివి?"

"సైగలండి."

"మేమూ అదే అంటున్నాం."

"ఆటకి కాదండి బాబూ! నీలమంటే తడిపింది. తెలుపంటే పడుకుంది. ఆకుపచ్చ అంటే పాలు తాగింది, అది ఇంకా బోణీ కాలేదు."

"ఎరుపంటే?"

"అది అడక్కండి."

ఆవిడ తన ఉద్యోగంలో చాలా సాకులు విన్నది. ఇంత అందంగా కుట్టిన సాకు వినలేదు. నాలుగు గుడ్డలూ మడిచి సంచిలో వేసుకుని జిప్పు లాగేసింది. "మ్యాచ్ అయ్యాక ఇస్తాను."

ఊపడానికి గుడ్డలు లేక టైలరు జేబులన్నీ తడుముకున్నాడు. ఆ కుదుపులకు పాప ఏడుపు లంకించుకుంది. ఆవిడ "ఇలా ఇవ్వండి" అని పాపను లాక్కుంది. "సీసా కూడా."

కింద వదిన మాత్రం పైకి చూడకుండా ఆడుతోంది. అంత కష్టమైన పని ఆమె పురిటిలో కూడా చెయ్యలేదు. మెడ దానంతటదే పైకి తిరగబోతే గడ్డాన్ని భుజానికి నొక్కి ఆపుకుంటోంది. ఎదుటివాళ్లేమో అలవాటు మానలేక మూడో వరస వైపు చూస్తారు, అక్కడ ఏమీ ఎగరదు, ఈలోగా బంతి పక్కనుంచి పోతుంది. స్కోరు నాలుగు-నాలుగు అయింది.

చివరి గేములో ముందుగా ఏడు పాయింట్లు చేరినవాళ్లదే గెలుపు. ఒకటి ఇటు, ఒకటి అటు, ఆరు-ఐదు దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకొక్క పాయింటు వస్తే పతకం. సర్వీస్ వదినది. బంతి చేతిలోకి తీసుకుని అలవాటుగా నొక్కింది. మెత్తగా, పాప బుగ్గలా తగిలింది. అంతే, ఆపుకోలేకపోయింది. పైకి చూసింది.

మూడో వరసలో టైలరు కనబడలేదు. ఆయన ఉండాల్సిన చోట ఎరుపు. గుడ్డముక్క కాదు, నిలువెత్తు ఎరుపు.

వదిన బంతిని జేబులో పెట్టుకుంది. రాకెట్‌ను నేల మీద పెట్టింది, పడెయ్యలేదు, పడుకోబెట్టినట్టు పెట్టింది. "నేను వెళ్తున్నా" అంది.

మరిది పైకి చూశాడు, రాకెట్ వైపు చూశాడు, స్కోరుబోర్డు వైపు చూశాడు. పొద్దున్నుంచి దాచుకున్న జోకులన్నీ ఎక్కడికో పోయాయి. నాలుగేళ్లుగా ఈ పాయింటు కోసమే అతను పొద్దున్నే లేస్తున్నాడు.

"పద వదినా" అన్నాడు. "నేనూ వస్తా."

పైన జరిగింది వేరు. సీసా ఖాళీ అయింది. పాపకు తేనుపు తెప్పించడానికి ఎర్రకోటు ఆవిడ లేచి నిలబడి, భుజాన వేసుకుని వీపు తడుతోంది. ఆవిడ వెనక ఇరుక్కుపోయిన టైలరు పక్కకు తొంగిచూసి, నేల మీద ఉన్న రాకెట్ చూశాడు.

"అయ్యో అయ్యో! ఆకుపచ్చ! నా ఆకుపచ్చ ఇవ్వండమ్మా!"

"మ్యాచ్ అయ్యాకన్నానుగా" అంది ఆవిడ, వీపు తడుతూనే.

టైలరు వెనక్కి తిరిగాడు. "ఎవరి దగ్గరైనా ఆకుపచ్చది ఉందా?"

గంట నుంచీ ఆయన ప్రతి గుడ్డకూ అర్థం చుట్టుపక్కలవాళ్లకు చెబుతూనే ఉన్నాడు కాబట్టి ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. ఒక గొడుగు తెరుచుకుంది. ఒక చేతిసంచి లేచింది. ఒక లంచ్ డబ్బా, ఒక దుప్పటి, ఎవరో పెద్దాయన కుడికాలి మేజోడు. "తాగేసిందోయ్!" అని ఎవరో అరిచారు. మరు నిమిషానికి గ్యాలరీలో సగం ఆకుపచ్చగా ఊగింది. అంపైర్ జేబులో ఉన్నవి రెండే కార్డులు, ఎదుట ఉన్నది వందమంది. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

వదిన ఏడుస్తూ నవ్వుతూ రాకెట్ తీసుకుంది.

ఎదుటి జోడీ తమ కోచ్ వైపు తిరిగింది. ఆయన నోటుబుక్కులో పేజీలు తిప్పుతున్నాడు. నీలం ఉంది, తెలుపు ఉంది. ఆకుపచ్చ లేదు! ఇంత పెద్ద ఎత్తున ఊపుతున్నారంటే ఇన్నాళ్లూ దాచిపెట్టిన దెబ్బేదో ఇదే. ఆయన రెండు చేతులూ పైకెత్తి ఊరుకున్నాడు. అది చూసి ఎత్తు బంతి అనుకుని పొడుగువాడు వెనక్కి వెళ్లాడు. కళ్లద్దాల అమ్మాయి ఎలాగో సర్వీస్ తిప్పికొట్టి, పొట్టి బంతి వస్తుందని ముందుకు దూకింది. వదిన పొట్టిదీ కొట్టలేదు, ఎత్తుదీ కొట్టలేదు. ఆ రోజు మొదటిసారిగా బంతిని మాత్రమే చూసి, బలం కొద్దీ కొట్టింది. అది ఇద్దరి మధ్యనుంచీ తిన్నగా పోయింది.

చేతులు కలపడం మరిదికి అప్పగించి, వదిన మెట్లు రెండేసి ఎక్కింది. పాప మూతి మీద పాల మీసం. ఎర్రకోటు ఆవిడ మెడలోని ఈలను పాప పట్టుకుని దీక్షగా చీకుతోంది. తల్లిని చూసి ఒకసారి నవ్వి మళ్లీ ఈలలో పడింది.

"నేను లేకపోయినా తాగేసిందా?" అంది వదిన. అందులో సంతోషం ఎంతో, చిన్నబుచ్చుకోవడం ఎంతో ఆమెకే తెలియలేదు.

"ఇందాకటి నుంచీ నేను పట్టిస్తే తాగలేదండీ. మీరేం చేశారు?" అన్నాడు టైలరు.

"ఏం చెయ్యలేదు, సీసా నోట్లో పెట్టాను" అంది ఆవిడ. "మీరు ఒక చేత్తో సీసా పట్టి, రెండో చేత్తో రంగురంగుల గుడ్డలు పట్టుకుని ఎప్పుడు ఊపుదామా అని చూస్తుంటే, పిల్ల గుడ్డల్ని చూస్తుందా, పాలు తాగుతుందా?"

ఆవిడ సంచి జిప్పు తీసి నాలుగు గుడ్డలూ ఆయన చేతిలో పెట్టింది. "కుట్టు మాత్రం బావుంది."

మెట్ల కింద నోటుబుక్కు కోచ్ మరిదికి ఎదురొచ్చి నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఓడిపోయాం కదా, ఇప్పుడైనా చెప్పండి. ఆకుపచ్చ అంటే ఏంటి?"

"పాలండి" అన్నాడు మరిది.

ఆయన నోటుబుక్కు తెరిచి ఆ మాట రాసుకుని, కింద మూడు గీతలు గీసి, మిగతా జట్ల కోచ్‌లు కూర్చున్న వైపు గబగబా నడిచాడు.

మర్నాడు సెమీఫైనల్‌కు ఎదుటి జట్టువాళ్లు ఒక చంటిపాపను అరువు తెచ్చుకున్నారు.