లిఫ్టులో ఉదాహరణ వాక్యాలు

కష్టమైన ఇంగ్లీషు మాటలు ఎన్ని వస్తే మనిషి ఉద్యోగంలో అంత పైకి వెళ్తాడని ఒక నమ్మకం ఉంది. చదువుకున్నవాళ్ళలో ఇది మరీ గట్టిది. పైకి వెళ్ళినవాళ్ళను చూపించి దీన్ని రుజువు చేసేవాళ్ళే తప్ప, అవే మాటలు నేర్చి కిందే ఉండిపోయినవాళ్ళను లెక్కలోకి తీసుకున్నవాళ్ళు కనబడరు. అందుచేత నమ్మకం చెక్కు చెదరకుండా ఉంది. లిఫ్టుల మరమ్మతు కంపెనీలో పనిచేసే సూపర్వైజరు ఒకాయన, తనకు తెలియకుండానే, దీన్ని పరీక్షకు పెట్టాడు.

ఆయనకు డిప్యూటీ మేనేజరు పదవి అప్పటికే రెండుసార్లు అందినట్టే అంది జారిపోయింది. రెండుసార్లూ మేనేజరు ఒకే మాట అన్నాడు: "పనికి వంక పెట్టడానికి లేదయ్యా. ఆ ఇంగ్లీషు ఇంకాస్త బరువుగా ఉంటే బాగుండేది." మూడో ఇంటర్వ్యూ ఈ ఉదయమే. వయసు నిబంధన ప్రకారం ఆయనకు నాలుగోది లేదు. పైగా హెడ్డాఫీసు నుంచి డైరెక్టరు స్వయంగా వస్తున్నాడు.

బరువు పెంచుకోవడానికి ఆయన ఒక పుస్తకం కొన్నాడు. అందులోని పద్ధతి తేలికైనదే. మాట అర్థాన్ని మనసులో చదువుకోవాలి. ఆ తర్వాత దానితో ఒక ఉదాహరణ వాక్యం కట్టి, భావం ఉట్టిపడేలా గొంతెత్తి పలకాలి. వాక్యం తెలిసిన మనుషుల గురించి, కళ్ళెదుటి వస్తువుల గురించి ఉండాలి. వింటే గుండె ఝల్లుమనాలి. ఝల్లుమంటే తప్ప మాట మెదడులో నాటుకోదట.

"ఇంట్లో ఇంకొక్క వాక్యం వినబడిందంటే నేను ఊరుకోను," అంది భార్య, ఆయన టై ముడి సరిచేస్తూ. "నిన్న అద్దం ముందు నిలబడి ఇల్లు తగలబడిపోతోందని ఇంగ్లీషులో కేకలు పెట్టారు. పక్కింటావిడ బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది."

"అది ఉదాహరణ వాక్యమే."

"ఆవిడ తెచ్చినవి మాత్రం ఉదాహరణ నీళ్ళు కావు. పరుపు ఇంకా ఆరలేదు."

అంచేత ఆయన ఒక పథకం వేసుకున్నాడు. ఇంటర్వ్యూకి ముందు, రెండు వీధుల అవతల ఉన్న తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంటులో లిఫ్టు నెలవారీ పరీక్ష ఒకటి ముగించాలి. ప్రతి అంతస్తులోనూ లిఫ్టును ఆపడం, తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయో లేదో చూసి గాడికి గ్రీజు రాయడం, కుదుపు ఉంటే గుర్తుపెట్టుకోవడం: ఇంతే పని. చేతులకు తీరిక ఉండదు గాని నోటికి ఉంటుంది. నాలుగు వైపులా మూసిన గది, ఎదురుగా నిలువుటద్దం, బకెట్టుతో వచ్చే మనిషి లేదు. ఇంగ్లీషుకు అంతకంటే అనువైన చోటు లేదనుకున్నాడు.

లిఫ్టు ఎక్కగానే అలవాటు ప్రకారం, బ్యాటరీ మీద నడిచే ఆపత్కాలపు ఫోను మీట నొక్కాడు. ఆ మీట నొక్కి ఉంచినంతసేపు లోపలి మాట కింద వాచ్‌మన్ బల్ల మీది స్పీకరులో వినబడుతుంది. వదిలాకే అతని మాట లోపలికి వస్తుంది. దీపం వెలిగింది. బాగానే ఉందని తృప్తిపడి వేలు తీశాడు. మీట మాత్రం బయటికి రాలేదు. అది లోపలే ఇరుక్కుపోతోందని వాచ్‌మన్ కిందటి నెలే చెప్పాడు. "వచ్చే నెల చూద్దాంలే" అన్నది కూడా ఈయనే.

కింద వాచ్‌మన్ టీ తాగుతున్నాడు. కాలేజీలో జీవితమంతా ఇంగ్లీషు చెప్పి రిటైరైన లెక్చరరమ్మ కూరగాయల సంచీతో లిఫ్టు కోసం నిలబడి ఉంది. స్పీకరు గరగరమని, ఒక్కసారిగా గట్టిగా పలికింది:

"ది కేబుల్ ఆఫ్ దిస్ లిఫ్ట్ ఈజ్ టెన్యువస్!"

"సూపర్వైజరన్న గొంతు!" అన్నాడు వాచ్‌మన్. "ఏమంటున్నాడమ్మగారూ?"

"ఈ లిఫ్టు తాడు దారప్పోగులా ఉందంటున్నాడు," అంది ఆవిడ. అర్థం చెప్పడంలో ఆవిడ ఏనాడూ తొందరపడి ఎరగదు. "అంటే, పుటుక్కున తెగేంత బలహీనం."

వాచ్‌మన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా! ఏమైందన్నా?" అని స్పీకరులోకి కేకేశాడు. లోపలికి ఏమీ వినబడే అవకాశం లేదు. జవాబుగా మరో వాక్యం వచ్చింది:

"ఎ కెలామిటీ ఈజ్ ఇమినెంట్!"

"ఘోరమైన ఆపద ముంచుకొస్తోందట."

"ఎప్పుడమ్మా?"

"ఇమినెంట్ అన్నాడు. రేపో ఎల్లుండో కాదు. ఇప్పుడో, ఈ మరుక్షణమో. మాట చాలా చక్కగా వాడాడు."

తాడు లాగకపోతే తెగదన్నది వాచ్‌మన్ తర్కం. పరుగున వెళ్ళి లిఫ్టు మెయిన్ స్విచ్చి దించేశాడు. తర్వాత రెండు ఫోన్లు చేశాడు. మొదటిది కంపెనీకి. రెండోది సూపర్వైజరు ఇంటికి. రాత్రిపూట లిఫ్టు ఆగితే పిలవడానికి ఆ నంబరు అతని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఈలోగా వార్త మెట్ల మీదుగా పైకి పాకింది. పైకి పాకేకొద్దీ పెద్దదైంది. కింద ఉన్నప్పుడు తాడు తెగుతోందన్నారు. మూడో అంతస్తుకు చేరేసరికి లిఫ్టు గోడ కూలుతోందని, పై అంతస్తుకు చేరేసరికి భవనమే ఒరుగుతోందని అయింది. జనం పిల్లలతోనూ కంప్యూటర్లతోనూ దిగిరావడం మొదలుపెట్టారు. ఒకాయన సగం గీసిన గడ్డంతో వచ్చాడు.

సూపర్వైజరుకు ఇవేమీ తెలియవు. అంకె ఆరు మీదికి రాగానే లిఫ్టు ఆగింది, చీకటైంది, బ్యాటరీ దీపం వెలిగింది. కరెంటు పోయిందనుకున్నాడు. జనరేటరు వేస్తారు కదా, ఈలోపు కాలం ఎందుకు వృథా చేయాలని తర్వాతి మాట తీశాడు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య రొప్పుకుంటూ వచ్చింది.

"మై వైఫ్ ఈజ్ ఇనెగ్జొరబుల్!" అంది స్పీకరు.

"వైఫ్ అన్నారు. నన్నేగా?" అంది ఆమె. "ఏమన్నారండీ?"

లెక్చరరమ్మ కాస్త తటపటాయించింది గాని, వృత్తిధర్మం ఊరుకోనివ్వలేదు. "ఎంత బతిమాలినా, ఎంత ఏడ్చినా మనసు కరగని మనిషివటమ్మా."

"పరుపు తడిసినందుకు ఒక్క మాటన్నాను! అంతమాత్రానికి తాడు తెగే లిఫ్టులో వేలాడతారా?" ఆమె స్పీకరును రెండు చేతులా పట్టుకుంది. "ఏమండీ, కరుగుతానండీ! ముందు మీరు దిగిరండి, తప్పకుండా కరుగుతాను!"

"ఆయనకు వినబడదమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"మరి ఇంతసేపూ చెప్పవేం!"

ఆ సమయానికే కంపెనీ వ్యాను ఆగింది. డైరెక్టరు దిగాడు. వెనకే మేనేజరు. లిఫ్టులో ప్రమాదమని ఫోను వచ్చేసరికి ఇద్దరూ ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నారట. ఇంటర్వ్యూ తర్వాత, మనిషి ముందు, అని డైరెక్టరే బయల్దేరదీశాడు. మేనేజరు దారంతా, "మీరెందుకు సార్ శ్రమ, నేను చూసుకుంటాను కదా" అంటూనే ఉన్నాడు.

"ఏం జరిగింది?" అన్నాడు డైరెక్టరు.

ఎవరూ నోరు తెరవక ముందే స్పీకరు తెరిచింది:

"అవర్ మేనేజర్ రన్స్ ఎ క్లాండెస్టైన్ బిజినెస్ ఆన్ ది సిక్స్త్ ఫ్లోర్!"

ఇప్పుడు లెక్చరరమ్మను ఎవరూ అడగనక్కర్లేకపోయింది. "వాళ్ళ మేనేజరు ఆరో అంతస్తులో చాటుగా వ్యాపారం నడుపుతున్నాడట. క్లాండెస్టైన్ అంటే ఊరికే రహస్యం కాదు. బయటపడితే కొంప మునిగే రహస్యం."

"అబద్ధం సార్!" అన్నాడు మేనేజరు. "ఆ ఫ్లాటు మా బావమరిదిది సార్! బోర్డు కూడా వాడి పేరుతోనే ఉంది!"

"ఏ ఫ్లాటు?" అన్నాడు డైరెక్టరు.

మేనేజరు నోరు మూశాడు. సాయం చేద్దామని వాచ్‌మన్ తెరిచాడు. "మెట్ల పక్కది సార్. అదీ మీ ఆఫీసేననుకున్నా. సామానంతా మీ వ్యానులోనే దిగుతుంది కదా."

డైరెక్టరు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మేనేజరు వెనకే వెళ్ళాడు, వెళ్ళక తప్పలేదు కనక. భర్త వేలాడుతున్నదీ ఆ అంతస్తు దగ్గరే కాబట్టి భార్య ఇద్దరినీ దాటుకుని పోయింది.

పైన మేనేజరుకు తాళంచెవి ఏ జేబులో ఉందో చాలాసేపు గుర్తురాలేదు. తలుపు తెరుచుకునేసరికి, ఏడాదిగా తమ ఖాతాదారులను ఒక్కొక్కరినే ఎగరేసుకుపోతున్న కొత్త లిఫ్టు కంపెనీ ఎక్కడుందో డైరెక్టరుకు తెలిసింది. గోడ వారన కొత్త మోటార్లు, కప్పీలు, మీటల పెట్టెలు వరసగా ఉన్నాయి. అన్నిటి మీదా డైరెక్టరు గారి సొంత కంపెనీ ముద్రే. కొన్నిటి మీద గీకడం మొదలుపెట్టి సగంలో ఆపారు.

లోపల సూపర్వైజరు అప్పుడే గడియారం చూసుకున్నాడు. పుస్తకం చేతిలోంచి జారింది. ఇంగ్లీషంతా ఒక్కసారిగా ఆవిరైపోయి, కడుపులోంచి తెలుగు వచ్చింది.

"ఎవరైనా ఉన్నారా! బాబూ, తలుపు తీయండి! నా ఇంటర్వ్యూ పోతోంది! ఇదే ఆఖరుది, మళ్ళీ పిలవరు!"

కింద వాచ్‌మన్ లెక్చరరమ్మ వంక చూశాడు. "ఇప్పుడు స్విచ్చి వేయొచ్చామ్మా?"

"ఇందులో నేను చెప్పాల్సిందేముంది? తలుపు తీయమంటున్నాడు. వెయ్యి."

లిఫ్టు మూరెడు పైకి కదిలి, ఆరో అంతస్తులో తలుపులు తెరిచింది. సూపర్వైజరు మెడలో టై, మోచేతుల దాకా గ్రీజు, కళ్ళనిండా నీళ్ళతో బయటికి అడుగుపెట్టాడు. ఎదురుగా డైరెక్టరు.

"సార్, ఇప్పుడే బయల్దేరుతున్నాను సార్..."

డైరెక్టరు ఆయన గ్రీజు చేతిని పట్టుకుని గట్టిగా ఊపాడు. "పైఅధికారి గుట్టు పదిమంది వినేట్టు చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! అదీ మీ ఉద్యోగం తేలబోయే రోజున!"

"అది ఉదాహరణ వాక్యం సార్."

"అవును. కంపెనీలో అందరూ దాన్ని ఉదాహరణగా తీసుకోవాలి."

"కాదు సార్. పుస్తకంలో తెలిసినవాళ్ళ గురించి కట్టమన్నారు. ఆరు అనే అంకె ఎదురుగా కనబడింది..."

"ఈ వినయం కూడా నాకు నచ్చింది," అన్నాడు డైరెక్టరు. మేనేజరు వైపు తిరిగి, "మీరు తాళాలు ఇటివ్వండి," అన్నాడు.

భార్య భర్త మోచేయి పట్టుకుని పక్కకు లాగింది. "నేను కరగనా?"

"అదీ ఉదాహరణే."

"అది తెలుస్తూనే ఉంది. ఆ మాటకి మీకు తెలిసినవాళ్ళల్లో ఇంకెవరూ దొరకలేదా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "తొందర్లో ఎవరూ తట్టలేదు."

ఆ మధ్యాహ్నం వేరే మెకానిక్కులు వచ్చి తాడును అడుగడుగునా పరీక్షించారు. ఎక్కడా ఒక్క పోగు తెగలేదు. భవనానికి ఏ ఆపదా రాలేదు. మేనేజరును వారం తిరగకముందే తొలగించారు. ఆ కుర్చీలో సూపర్వైజరును కూర్చోబెట్టారు. ఆయనకు ఇంటర్వ్యూ జరగలేదు. డిప్యూటీ మేనేజరు పదవికి మాత్రం తర్వాత జరిగింది. అన్ని ప్రశ్నలకూ అవును, కాదు అని తెలుగులో చెప్పిన అభ్యర్థిని అందుకు ఎంపిక చేశారు.

కొత్త మేనేజరు జారీచేసిన మొదటి ఉత్తర్వు ఒకే వాక్యం: లిఫ్టులను పరీక్షించే సమయంలో సిబ్బంది ఎవరూ ఏ భాషలోనూ మాట్లాడరాదు.