గంధం పూడ్చిన పోర్టు

స్వస్తిశ్రీ! శరదృతు విరాజమాన ఆశ్వయుజ శుద్ధాష్టమీ మధ్యాహ్నంబున, కాచగాత్ర సౌధసహస్ర సంకులంబగు కొండాపూర్ మహాపట్టణంబున, ఏడవ అంతస్తున, అంతర్జాల స్పర్శ లేశమైన నెఱుంగని యొక సర్వరు తపస్సు చేయుచుండెను. దొంగలు చొరకుండుటకై దానికి బయటి తీగ తగిలింపరు. కావున దాని రోగనివారిణియగు ప్యాచును పెన్‌డ్రైవున మోసుకొనిపోవలయును. అందులకు మిగిలిన పోర్టులన్నియు మూసి, ఒక్కదానిని మాత్రమే తెరచియుంచిరి.

ఆ భారంబు వహించిన వీరనారి నార్సింగి వాస్తవ్య యశస్విని. రెండేండ్లుగా ప్యాచుల పాలబడి సద్దుల బతుకమ్మకు దూరమైనది. ఈ సాయంకాలమైనను ఆడకున్న ఆమె గుండె పగులును. “ప్యాచ్ పడ్డాకే ఇంటికండీ” అని మేనేజరు రామబ్రహ్మంగారు శాసించియుండిరి.

ఆమె ద్వారపాలకుడు సాయిలుకు ఫోను సమర్పించి, తనిఖీ ముగిసిన పెన్‌డ్రైవు ధరించి, శీతలమారుత భీకరంబగు గదిం జొచ్చి, పోర్టున దానిని నెట్టెను. పోలేదు. తిప్పి నెట్టెను. పోలేదు. అకటా! ఉదయమున ఆయుధపూజ జరిపిన రామబ్రహ్మంగారు, సర్వరుకు నుదురెక్కడో తెలియక, ఆ ఒక్క పోర్టునందే గంధము దట్టించి కుంకుమ పెట్టియుండిరి. భక్తికైన హద్దుండవలదా!

“మంచిదే కదండీ, దృష్టి తగలదు” అని ఆయన గడపకడ నిలిచి పలికిరి.

“సార్! వైరసుకు దిష్టి తగుల్తదా? నోట్లె గంధం కూరి మందు ఎట్ల తాగియ్యాలె? ఇయ్యాల నేను బతుకమ్మ ఆడకపోతే, గౌరమ్మ మీదొట్టు, వచ్చే దసరాకు ఈ గంధమంత మీ కీబోర్డుకే!” అని ఆమె సింహనాదము చేసెను.

అంతట బయటికేగి, అరివీర భయంకరంబగు చీపురుపుల్ల నొకదానిని చేబూని మరలిరాగా, సాయిలు చేయి అడ్డము పెట్టెను.

“పుల్లకు పర్మిషన్ లేదు మేడం.”

“అన్నా, చీపురుపుల్లల డేటా పట్టుకపోతరా?”

“ఏమో, నాకు తెల్వది. రూల్ రూలే.”

“నేను పోయేదాంక నీకు డ్యూటీ దిగదు. ఇంట్ల వదిన బతుకమ్మ పేర్చుకొని చూస్తుండదా?”

సాయిలు పుల్లను వెలుతురునకు పట్టి చూచి, స్కానరున దొర్లించి, “జర జల్ది తెమలాలె” అని విడిచెను.

సర్వరు నాపి ఆమె గీకెను, ఊదెను, తుమ్మెను, మరల గీకెను. కట్టకడపట పెన్‌డ్రైవు టిక్కుమని కూర్చుండెను. సర్వరు వెలిగెను, ప్యాచు పడెను, ఆరి మరల వెలిగెను.

హర్షపులకితులై రామబ్రహ్మంగారు కుంకుమభరిణతో ముందుకు రాగా, “సార్, ఈసారి తలుపుకు పెట్టుండ్రి” అని ఆమె పరుగెత్తెను. ఆయన తలుపు తెరచు వేలిముద్ర యంత్రమునకు పెట్టిరి. అప్పటికామె లిఫ్టులో నున్నది.

ఒక్క సర్వరు, ఒక్క పోర్టు, మరుసటి ప్యాచు వచ్చుదాక రక్షణ: ఇదియే యశస్వినీ దిగ్విజయము! ఆ సాయంకాలము నార్సింగి వాకిట ఆమె చప్పట్లే అందరికంటె గట్టిగా వినబడెను. గోళ్ళలో గంధమింకను పోలేదు.